అంశం ఏడు

సర్కిల్ ఆఫీసు మేడ మీద హాల్లో
మూడు ఫ్యాన్లకి రెండే తిరుగుతాయి.
తిరగని ఫ్యాను కింద నా కుర్చీ.
మినిట్స్ రాసేది నేనే, పన్నెండేళ్లుగా.
ఎవరెంతసేపు అరిచినా
నా కలం కిందికొచ్చేసరికి
"అభిప్రాయం వ్యక్తం చేశారు" అయిపోతారు.

అంశం ఏడు:
మూసీ మీది లోలెవెల్ వంతెన పునర్నిర్మాణం,
దాన్ని కలిపే హైవే విస్తరణ.

లైట్లార్పి తెర మీద కొత్త వంతెన చూపించారు.
ఏరు నీలంగా ఉంది. నేనెన్నడూ చూడని నీలం.
కార్లన్నీ తెల్లవి.
ఫుట్‌పాత్ మీద ఒక అమ్మాయి, ఒక కుక్కపిల్ల,
వాటి నీడలు మాత్రం చెరో దిక్కుకి.
జామకాయల బండి లేదు.
ముక్కు మూసుకున్న మనిషి ఒక్కడూ లేడు.

ఇంజనీరు పట్టాభి గారు లేజరు చుక్కతో
ఆరు వరుసలు లెక్కపెట్టారు.
ఎత్తు, నూరేళ్ల వరదకి సరిపడా అన్నారు.

వెనక కుర్చీల్లోంచి లచ్చువమ్మ లేచింది.
సబ్బునీళ్లకి వేళ్ల సందులు తెల్లగా ఒరిసిపోయిన చెయ్యి
గాల్లోకి ఎత్తి, దించడం మరిచిపోయి:
"నూరేండ్ల వరదంటే ఏంది సారూ?"
"నూరేళ్లకోసారి వచ్చేదమ్మా."
"నా లగ్గమైనంక మూడుమాట్ల ఇంట్లకొచ్చింది.
మరి నాకిప్పుడు మున్నూరేండ్లా?"

హాలంతా నవ్వింది. ఆమె నవ్వలేదు.
నేను రాశాను:
వరద మట్టంపై ఒక స్థానికురాలు సందేహం వ్యక్తం చేశారు.

యూసుఫుద్దీన్‌ది వంతెన మొదట్లో పంక్చర్ షాపు.
టేపు పట్టుకొచ్చిన వాళ్లు
షాపు నడుమ నుంచి ఎర్ర గీత గీసి పోయారట.
ఫోనులో ఫోటో కుర్చీ కుర్చీకీ తిప్పి చూపించాడు.
గాలి మిషను గీతకి అటు, నీళ్ల తొట్టి ఇటు.
"బుడగలు ఇటు చూడాలె, గాలి అటు కొట్టాలె.
నడుమల ఆరు లైన్ల రోడ్డు.
సాబ్, నేనెటు దిక్కు కూసోవాలె?"
కార్పొరేటరమ్మ పరిహారం అన్న మాట
రెండుసార్లు పలికింది,
రెండోసారి కొంచెం మెల్లగా.

సమోసాలొచ్చాయి. కాసేపు అందరూ ఒకే పార్టీ.

అప్పుడు జంగయ్య. ఆర్టీసీ రిటైర్డు డ్రైవరు.
చేతిలో అర్జీ లేదు, జేబులో పెన్ను కూడా లేదు.
వంతెన వద్దనలేదు.
"కట్టున్రి. జెల్ది కట్టున్రి.
రెయిలింగు కొట్టుకపోయిన ఆ అంచు పక్కపొంటి
వానల రాత్రి నేనెట్ల తోలిన్నో నాకెరుక.
గని ఒక్క ముచ్చట.
మూడో జాయింటు కాడ బస్సు ఎక్కిళ్లు పెడ్తది.
దవాఖాన్ల రాత్రి డూటీ చేసొచ్చే ఆయమ్మలు
కిటికీకి తల ఆనిచ్చి పండుకుంటరు.
ఆ కుదుపుకే లేస్తరు,
సంచి సర్దుకొని స్టాపుల దిగుతరు.
ఇరువై ఆరేండ్లు నేనెవర్ని పిలిచి లేపలే.
కొత్త బ్రిడ్జి నున్నగుంటదంటున్రు.
మరి ఆళ్లనెవరు లేపుతరు?"

తిరిగే ఫ్యాన్లు రెండూ బాగా వినబడ్డాయి.
పట్టాభి గారు లేజరు చుక్కని
తెర మీది నీలం నీళ్లలో అటూ ఇటూ ఆడించి, ఆర్పేశారు.
"అది డిజైన్ పరిధిలోకి రాదండీ" అన్నారు,
కసిరినట్టు కాదు,
అన్ని సొరుగులూ వెతికి దొరకనివాడిలా.

అంశం ఏడు చర్చించి ఏకగ్రీవంగా ఆమోదించడమైనది.

ఆ వాక్యం పైన రెండు గీతల జాగా మిగిలింది.
రాశాను: మూడో జాయింటు. నిద్ర. ఎవరు లేపుతారు?

సూపరింటెండెంటు చూసి, కళ్లద్దాలు పైకి నెట్టి
"ఇదేంటమ్మా, అజెండాలో ఉందా ఇది?" అని
ఎర్ర సిరాతో మొదటి రెండు మాటలు కొట్టేసి
మూడో మాట దగ్గర ఆగిపోయారు.
ఆయనా రోజూ ఆ బస్సే.

పెన్ను మూత పెట్టి, ఏమీ అనకుండా వెళ్లిపోయారు.
ఫెయిర్ కాపీ రేపు పదింటికి పంపాలి.